అట్టల వెనక పెన్సిల్ రాత

పుస్తకాల చరిత్ర మీద ఉపన్యాసం ఇవ్వబోయే వాళ్ళందరికీ ముందు ఒక పరీక్ష పెట్టాలి. పాత పత్రిక ఒకటి చేతికిచ్చి చూడమనాలి. చూశాక దాన్ని తిప్పి వెనకవైపు కూడా చూస్తారా లేదా అన్నదే పరీక్ష. తిప్పని వాళ్ళకి మైకు ఇవ్వకూడదు. కటువుగా మాట్లాడుతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి, కటువుగానే అంటున్నాను. రెండేళ్ళయినా నా ఒళ్ళు మంట చల్లారలేదు. ఆ మంటలో నా వాటా ఎంతో కూడా చెబుతాను. లైబ్రరీల్లో కొత్తగా చేరిన పిల్లలు ఇది చదివితే చాలు, పెద్దవాళ్ళు చదివినా మారతారన్న ఆశ నాకు లేదు.

నేను విజయవాడ వన్ టౌన్‌లో ఒక పాత లైబ్రరీలో బైండరుగా చేరి, అదే కుర్చీలోంచి రిటైరయ్యాను. బైండింగు గది మేడ మెట్ల కింద ఉండేది. కిటికీ తీస్తే ఎదురుగా మిరపకాయల గోడౌను, కాబట్టి ఏడాదిలో సగం రోజులు తుమ్ముతూనే కుట్టేవాళ్ళం. గదిలో ఇద్దరమే. కాగితాలు మడిచి, వరస చూసి, దారంతో కుట్టే పని ఒకావిడది. కోత, జిగురు, అట్ట కట్టడం నావి. ఆవిడ తల్లి చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగి పిల్లల్ని పెంచింది. ఈవిడ అయిదో తరగతి దాకా చదివి, కుట్టుపని వచ్చని మా దగ్గర చేరింది. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. నన్ను మేస్త్రిగారూ అనేది. దారం ముడి ఆవిడ వేస్తే ఊడటం నేనెరగను.

మా లైబ్రరీలో ఒక రూలు ఉండేది. మాదే కాదు, చాలాచోట్ల అదే రూలు. నెలనెలా వచ్చిన పత్రికల్ని ఏడాది చివర పన్నెండూ కలిపి ఒక సంపుటంగా కుడతాం. అలా కుట్టేముందు ప్రతి సంచికకీ ఉన్న పై అట్ట చింపేయాలి. ప్రకటనల కాగితాలు కూడా తీసేయాలి. అవి ఉంటే సంపుటం లావవుతుంది, నున్నటి కాగితానికి జిగురు పట్టదు, బీరువాలో చోటు చాలదు. లైబ్రేరియన్‌గారు చెప్పారు, నేను చింపాను. ఇన్నేళ్ళలో ఎన్ని చింపానో నాకే తెలియదు. డెల్టా ఊళ్ళలో చిన్న చిన్న ప్రెస్సుల నుంచి వచ్చిన పత్రికలు ఎన్నో ఉండేవి. రైతుల పత్రికలు, నాటక సమాజాల పత్రికలు, ఆడవాళ్ళు నడిపిన పత్రికలు. వాటి అట్టల మీద చెక్కదిమ్మెతో అచ్చేసిన బొమ్మలుండేవి. అవన్నీ మా వీధిలోని కిరాణా కొట్లకు పోయి చింతపండు పొట్లాలయ్యాయి.

ఆవిడకి ఇది మొదటిరోజు నుంచీ నచ్చలేదు. పైది తీసేస్తే ఎట్లాగండీ అని అడిగింది. లోపల విషయమంతా ఉందిగా, ఇంకేం కావాలని నేను విసుక్కున్నాను.

"లోపల మనిషి ఉన్నాడు కదా అని మొహం కోసేస్తామా మేస్త్రిగారూ?" అంది.

నేను నవ్వేశాను. నవ్వి, చింపుతూనే ఉన్నాను.

ఆవిడ మాత్రం లైబ్రేరియన్‌గారి దగ్గరికి వెళ్ళి, చెత్తలోకి పోయే అట్టల్లో బాగున్నవి తను తీసుకెళ్తానని అడిగింది. ఇంటి అల్మరాల్లో పరుచుకోవడానికేమో అనుకుని ఆయన సరే అన్నారు. ఆవిడ పరచలేదు. ప్రతి అట్ట వెనకవైపు, కింద మూలన, పెన్సిల్‌తో సన్నగా అది ఏ సంపుటంలోదో ఆ నంబరూ, ఏ నెలదో ఆ అంకే వేసి, ట్రంకుపెట్టెలో వేపాకు మధ్య దాచింది. ఆ అంకెలు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఆ చిన్న పత్రికలకు పై అట్ట మీద పేరూ బొమ్మా తప్ప నెల ఉండేది కాదు. నెలా సంవత్సరం లోపలి కాగితం మీద ఉండేవి. అట్ట ఊడితే అది ఏ సంచికదో ఆ పెన్సిల్ రాత తప్ప చెప్పేది మరొకటి లేదు. ఎప్పటికైనా సంపుటాలు పాతబడి మళ్ళీ కుట్టించక తప్పదు, అప్పుడు ఎవరి అట్ట వాళ్ళకి పెట్టి కుట్టేస్తాను అనేది. ఇద్దరం రిటైరయ్యాం. ఆ రోజు రాలేదు. ఆవిడ ట్రంకుపెట్టెతో సహా పామర్రులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇక ప్రొఫెసరుగారు. ఆయన అచ్చు పుస్తకాల చరిత్ర మీద పరిశోధన చేసినాయన. దాన్ని ప్రింట్ కల్చర్ అంటారట. పుస్తకంలో ఏముందన్నది కాకుండా అది ఎలా అచ్చయింది, ఎవరు కొన్నారు, దాని అట్ట మీద ఏముంది, ఏ ప్రకటనలున్నాయి అని చూస్తారట. వినగానే నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. మేము చింపి పారేసినవే వీళ్ళకి కావాలి. ఆయన మా లైబ్రరీకి వచ్చి సంపుటాలు తిరగేసి, ఒక్కదానికీ అట్ట లేదని చూసి, ఈ పని ఏ మూర్ఖుడు చేశాడని అడిగాడు. ఆ రోజు ఏదో పని మీద అక్కడే ఉన్నాను. నేనేనండీ అన్నాను. ఆయన కాస్త ఇబ్బందిపడి, టీ తెప్పించాడు.

టీ తాగుతూ ఆవిడ ట్రంకుపెట్టె సంగతి చెప్పాను. తప్పు దిద్దుకునే అవకాశం వచ్చిందని సంబరపడ్డాను. మర్నాడే ఆయన కారులో ఇద్దరం పామర్రు వెళ్ళాం. ఆవిడ నూట నలభై అట్టలు బొమ్మ పైకి పెట్టి మంచం మీద పరిచింది. ప్రొఫెసరుగారి కళ్ళు ఒక్కచోట నిలవలేదు, ఒక్కదాన్నీ తిప్పి చూడలేదు, వెనక అంకెల సంగతి మేమూ చెప్పలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్లో ఒకరోజు జాతీయ సదస్సు పెడుతున్నామని, అక్కడ వీటిని ప్రదర్శనకి పెడతామని అడిగాడు. ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది. సదస్సు అయిపోగానే లైబ్రరీలో సంపుటాలు విప్పించి ఈ అట్టలు వాటి వాటి చోట్ల పెట్టి కుట్టించాలి. తప్పకుండానమ్మా, దానికి గ్రాంటు కూడా వస్తుందన్నాడాయన. ఆవిడ ఆయన వైపు కాదు, నా వైపు చూసింది.

"నాదీ పూచీ. నా చేత్తో నేనే కుడతాను," అన్నాను.

ఇచ్చేసింది.

సదస్సు ముందురోజు సాయంత్రం ఎలా ఉందో చూద్దామని ఆటో ఎక్కి హోటలుకి వెళ్ళాను. హాలు బయట వసారాలో ఫ్లెక్సీ కొట్టు మనుషులు ఇద్దరు నేల మీద కూర్చుని పని చేస్తున్నారు. సన్‌బోర్డు అని, లోపల స్పాంజిలా ఉండే తెల్లటి పలకలు ఉంటాయి చూడండి, వాటి మీద ఏదో ఘాటు వాసన వచ్చే గమ్ము పూసి అట్టల్ని అతికిస్తున్నారు. వెనకవైపు మొత్తం పలకకి అంటుకుపోతోంది. మేము వాడే మైదా జిగురు అయితే తడిగుడ్డ వేస్తే వదులుతుంది, ఇది ఆ జాతిది కాదని వాసనే చెబుతోంది. అప్పటికి పావు వంతు అతికించారు. మిగతావన్నీ దొంతరగా పక్కనే ఉన్నాయి.

ఫ్లెక్సీ కుర్రాడే నయం. వాడు ఒక అట్ట తిప్పి చూసి నన్ను అడిగాడు. "వెనకాల ఏవో అంకెలున్నాయి పెద్దాయనా, అంటించేయమంటారా?"

ఈ ప్రశ్న సదస్సులో ఇంకెవరికీ తట్టలేదని గుర్తుంచుకోండి. డాక్టరేట్లు ఉన్నవాళ్ళు డజన్లకొద్దీ ఉన్నారక్కడ.

సార్‌ని అడగమని ప్రొఫెసరుగారిని చూపించాను. ఆయన ఫోనులో ఎవరికో విమానం టికెట్టు సంగతి చెబుతూ, ఇటు చూడకుండానే చెయ్యి ఊపాడు. కానివ్వమన్నట్టు. నేను ఆయన దగ్గరికి వెళ్ళాను, చెబుదామనే వెళ్ళాను. ఆయన ఫోను పెట్టేసి నన్ను చూడగానే భుజం తట్టి, నా చేతిలో రంగుల ఆహ్వానపత్రం పెట్టాడు. ముగింపు సభలో సన్మానం. నా పేరు, దాని కింద 'సీనియర్ గ్రంథబంధకులు' అని. జీవితంలో నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు. ఇన్నివేల పుస్తకాలు కట్టాను, ఒక్కదాంట్లో నా పేరు లేదు.

అంకెల సంగతి చెప్పలేదు. ఇప్పుడు చెబితే హడావుడిలో ఉన్న మనిషి చికాకుపడతాడేమో అనుకున్నాను. ఎలాగో ఒకలాగా తర్వాత వదిలించవచ్చులే అనుకున్నాను. నిజానికి అవేవీ కాదు. శాలువా కప్పించుకోవాలని ఉంది, అంతే. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఆ సాయంత్రం నాకు సిగ్గు లేదు. ఆహ్వానపత్రం జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. నా వెనక నూట అయిదు అట్టలు మిగిలి ఉన్నాయి.

మర్నాడు ఆవిడ పామర్రు నుంచి మొదటి బస్సులో వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, తలలో కనకాంబరాలు పెట్టుకుంది. రిజిస్ట్రేషను బల్ల దగ్గర ఆపేశారు. డెలిగేటా, పేపర్ ప్రెజెంటరా, స్టూడెంటా అని అడిగారు. అట్టలు నావండీ అని చెప్పింది. జాబితాలో అలాంటి వరస లేదన్నారు. నూట నలభై అట్టలు ఎవరి ట్రంకుపెట్టెలోంచి వచ్చాయో ఆ మనిషికి ఆ సదస్సులో కూర్చోవడానికి వరస లేదు. నేను వెళ్ళి గట్టిగా అరిచి, మా మనిషని చెప్పి లోపలికి తెచ్చాను. అరుపు మాత్రం నాకు బాగానే వచ్చింది, అదేదో ముందురోజు సాయంత్రం రావలసింది.

పలకలు వరసగా స్టాండ్ల మీద నిలబెట్టారు. పైన పెద్ద అక్షరాలతో ప్రొఫెసరుగారి పేరు, దాని పక్కన 'సేకరణ' అని. ఆవిడ ముందు ఆ పేరు చూడలేదు. మొదటి పలక దగ్గరికి వెళ్ళి, అలవాటుగా, వెనకకు చెయ్యి పోనిచ్చింది. స్పాంజి తగిలింది. రెండోది, మూడోది. ఆ వరస చివరిదాకా అలాగే తడుముకుంటూ వెళ్ళింది.

ఇవి ఊడతాయా అని అడిగింది. కష్టమన్నాను. ఎప్పుడంటించారని అడిగింది. నిన్న సాయంత్రం అన్నాను. మీరున్నారా అంది. ఉన్నానన్నాను. నేనే ఉండబట్టలేక ప్రొఫెసరుగారిని తిట్టడం మొదలుపెట్టాను. ఇంత చదువుకున్నవాడికి ఆ మాత్రం తెలియదా, చూసుకోవద్దా అని.

"ఆయనకి తెలియదు," అంది. "మీకు తెలుసు కదండీ."

తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

పదకొండింటికి ప్రొఫెసరుగారి పత్రం. వెనక వరసలో కూర్చున్నాం. తెర మీద మా అట్టలు ఒక్కొక్కటే పెద్దవిగా పడుతుంటే హాలంతా ఆహా అంది. ఆయన బాగా మాట్లాడాడు, కాదనను. డెల్టా పల్లెల్లో ప్రెస్సులు ఎలా వెలిశాయో, ఆ బొమ్మలు ఎవరు చెక్కారో చెప్పాడు. తర్వాత గొంతు కాస్త దించి, చదువులేని బైండర్ల చేతుల్లో మన అచ్చు చరిత్ర చిరిగి ముక్కలయిందన్నాడు. దురదృష్టవశాత్తూ ఈ అట్టలు ఏ సంచికలవో, ఏ సంవత్సరానివో తెలుసుకునే ఆధారం ఏదీ మిగల్లేదని, అందుకని తను ఊహ మీద ఒక వరస వేశానని ముగించాడు. చప్పట్లు.

ఒక రీసెర్చి అమ్మాయి లేచి, అట్టల వెనకవైపు ఏమైనా ఉందా సార్ అని అడిగింది. ఆ అమ్మాయికి నా నమస్కారం.

"ఖాళీ అమ్మా. మామూలు కాగితమే," అన్నాడాయన.

లేచి నిలబడ్డాను. మైకు ఇవ్వలేదు, నాకు అక్కర్లేదు కూడా. ఖాళీ కాదని చెప్పాను. ప్రతిదాని వెనకా నంబరు ఉందని, ఆ నంబరు రాసిన మనిషి నా పక్కనే కూర్చుందని, ఆమె అయిదో తరగతే చదివిందని, మీరు లేదంటున్న ఆధారాన్ని నిన్న సాయంత్రం మీ ఇంత పెద్ద హాలు గుమ్మంలోనే గమ్ము పెట్టి పూడ్చారని చెప్పాను. అట్టలు చింపిన చదువులేని బైండర్ని నేనే, మరి ఇది చేసింది ఏ చదువని అడిగాను.

అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. పెద్దవారి ఆవేదన మనందరికీ అర్థమైందని, సమయాభావం వల్ల చర్చ టీ విరామంలో కొనసాగిద్దామని అన్నారు. కొనసాగలేదు. టీ బల్ల దగ్గర సమోసాల గురించి మాట్లాడుకున్నారు. ఆవిడని పలకరించడానికి వచ్చింది ఆ రీసెర్చి అమ్మాయి ఒక్కతే.

ప్రొఫెసరుగారు నన్ను పక్కకు పిలిచి, అందరిముందూ పరువు తీశావన్నాడు. నేను ఇంకా పోట్లాటకి సిద్ధంగానే ఉన్నాను. అప్పుడాయన, నిజంగానే అర్థంకాక, ఒక మాట అడిగాడు.

"నిన్న నా ఎదురుగానే ఉన్నావు కదా మేస్త్రీ. అప్పుడే చెబితే ఆపేవాణ్ణి కదా?"

ఆపేవాడో లేదో దేవుడికి తెలియాలి. కానీ నా కోపానికి అడ్డుపడింది ఆ ఒక్క ప్రశ్నే. పొద్దున ఆవిడ అన్నదీ ఇదే మాట. ఒకే రోజు ఇద్దరు, ఒకరికొకరు సంబంధం లేనివాళ్ళు, అడిగారు. మధ్యాహ్నం ముగింపు సభలో నా పేరు పిలిచారట. ఆ వేళకి నేను ఆవిడని బస్టాండులో పామర్రు బస్సు ఎక్కిస్తున్నాను.

సదస్సు అయ్యాక పలకలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. హోటలు వాళ్ళు తీసేయమంటున్నారని ఫోను వస్తే, రెండు ఆటోల్లో వేసుకుని లైబ్రరీకి తెచ్చాను. ఊడదీయడానికి నాకు తెలిసిన విద్యలన్నీ చేశాను. తడిగుడ్డ, ఆవిరి, సన్నటి కత్తి. రెండింటిని ఊడదీసేసరికి వెనక పొర మొత్తం గమ్ముతో వచ్చేసింది, పెన్సిల్ రాత దానితోపాటే పోయింది. ఇక ముట్టుకోలేదు. ఆవిడకి ఫోను చేసి చెప్పాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఎల్లుండి వస్తాను, సంపుటాలు తీయించి ఉంచండి, నాకు గుర్తున్నంతవరకూ చెబుతాను రాసుకోండి అంది.

వారానికి రెండు రోజులు వచ్చేది. మా పాత గదిలోనే కూర్చున్నాం. పలక ఒకటి ఎదురుగా పెట్టుకుని, సంపుటం తిరగేసి, పిన్ను తుప్పు మచ్చ అట్టకీ మొదటి కాగితానికీ ఒకేచోట ఉందా, పురుగు తొలిచిన చిల్లు రెండింటిలోనూ కలుస్తోందా చూసేది. కొన్నిటిని చూడగానే చెప్పేసేది, దీన్ని కుట్టిన రోజు సూది గుచ్చుకుందనో, ఆ వారమంతా గోడౌనులో మిరపకాయలు కాలాయనో. నేను ఒక రిజిస్టరు పెట్టి రాశాను. అట్ట, సంపుటం, నెల. నూట తొమ్మిదింటికి చోటు దొరికింది.

ముప్పై ఒకటి మిగిలాయి. ఎంత చూసినా ఆవిడకి అందలేదు. ఇది ఫలానా ఏడాదిదే అయి ఉంటుంది, వేసేద్దామా అన్నాను. ఆవిడకి మొదటిసారి కోపం వచ్చింది.

"ఊహించి వేస్తే ఆయనకీ మనకీ తేడా ఏముందండీ? తెలియదని రాయండి. ఎందుకు తెలియదో కూడా రాయండి."

రాశాను. వెనకవైపు గమ్ముతో పలకకి అంటించినందువల్ల సంఖ్య కనబడుట లేదు, అని. ఆవిడ రిజిస్టరు తన వైపు తిప్పుకుని, వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. చదివి నా ముందుకి తోసింది.

"ఎవరు చూస్తుండగా?" అంది.

ఈ వ్యాసంలో నేను ఎవరి పేరూ రాయలేదు, నాది కూడా. ఆ రిజిస్టరులో మాత్రం ఇంటిపేరుతో సహా నా పేరు పూర్తిగా ఉంది. ముప్పై ఒక్కసార్లు.